బాగుపడుతున్నాను అనగానే జ్వరం ఎందుకొచ్చింది?

విజయనగరం నుంచి ఒక టీచర్ గారు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి, మిగతాది ఇక్కడ క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడ వయసు 37. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. నాన్నగారు జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు లాకౌట్ అయ్యాక తాగుడులో పడి, ఈవిడ డిగ్రీ చదువుతుండగానే పోయారు. అక్కణ్ణుంచి ఇల్లు ఈవిడ చేతుల మీదే నడిచింది. పొద్దున్న ట్యూషన్లు, సాయంత్రం ట్యూషన్లు, మధ్యలో తన చదువు, డీఎస్సీలో ఉద్యోగం, చెల్లి పెళ్లి, తమ్ముడి ఇంజనీరింగు. చెల్లి ఇప్పుడు శ్రీకాకుళంలో కాపురముంటోంది, తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఈవిడ పెళ్లి చేసుకోలేదు. అమ్మ ఈవిడ దగ్గరే ఉంటుంది, షుగరు, మోకాళ్ల నొప్పులు. "మా ఇంట్లో ఏం కావాలన్నా అందరిదీ ఒకటే మాట, అప్పనడగండి, అప్ప చూసుకుంటుంది" అని రాశారు. అప్ప అంటే వాళ్ల వైపు అక్క.

రెండేళ్ల కిందట నిద్ర కరువైంది. తలపోటు, చిన్నదానికే అరిచెయ్యడం. ఒకరోజు క్లాసులో ఓ పిల్లాడి నోట్సు చింపి విసిరేసి, తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చారట. స్నేహితురాలు చెబితే విశాఖపట్నంలో సైకోఎనాలిసిస్ (మనోవిశ్లేషణ, అంటే మనసులో మనకే తెలియకుండా దాగినవాటిని మాటల్లోకి తెచ్చే చికిత్స) పద్ధతిలో పనిచేసే ఒక కౌన్సెలర్ దగ్గరికి ప్రతి శనివారం వెళ్తున్నారు. పది నెలలైంది. మొదటి ఐదారు నెలలు హాయిగా అనిపించింది, నిద్ర కూడా పట్టింది. ఆ ధైర్యంతోనే ఒక శనివారం, జీవితంలో మొదటిసారి, "అమ్మ ఓ మూడు నెలలు తమ్ముడి దగ్గర ఉంటే బాగుణ్ణు" అన్నారు. తమ్ముడు కాదనలేదు, టికెట్ కూడా తీశాడు. సరిగ్గా ప్రయాణానికి ముందు ఈవిడకి జ్వరం. అమ్మేమో, "నన్ను ఆడికాడికి తోలేస్తావేటే, నానేటి తప్పు చేసినాను?" అంది. ఆ జ్వరంలోనే తమ్ముడికి ఫోన్ చేసి, మీ ఆవిడకి మా అమ్మ బరువైపోయిందా అని పోట్లాడి, టికెట్ క్యాన్సిల్ చేయించారు. తమ్ముడు అసలు ఆ మాటే అనలేదని ఈవిడే ఒప్పుకుంటున్నారు. జ్వరం తగ్గాక టికెట్ మళ్లీ తియ్యలేదు, తమ్ముడితో మాటలూ ఆగిపోయాయి.

అప్పట్నుంచి శనివారాలు గాడి తప్పాయి. బస్సు అందదు. ఒకసారి సెషన్ సంగతే మర్చిపోయారు. వెళ్లినా గంటసేపూ స్కూలు ఇన్‌స్పెక్షన్ గురించో పేపర్లు దిద్దడం గురించో చెప్పి వచ్చేస్తున్నారు. కౌన్సెలర్ "ఇది మీ రెసిస్టెన్స్" అన్నారట. అంటే బాగుపడటానికి మనసు తనకి తెలియకుండానే అడ్డుపడటం, ప్రతిఘటన. ఈలోగా ఫీజు పెరిగింది, నాలుగింటి సెషన్ ఆరున్నరకి మారింది, ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతోంది. అది ఇబ్బందిగా ఉందంటే దానికీ "అదీ రెసిస్టెన్సే" అన్నారట. ఇంకో సంగతి, మధ్యలో ఓసారి పలాస జీడిపప్పు అరకిలో తీసుకెళ్తే, కౌన్సెలర్ అందుకోకుండా "ఇవాళ ఇది తేవాలని ఎందుకనిపించింది?" అని అడిగారట. ఆ పొట్లాం తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తల తీసేసినట్టయిందని రాశారు.

"డబ్బులిచ్చి, శనివారాలు పాడుచేసుకుని వెళ్లేది నేనే, అడ్డుపడేది కూడా నేనేనా? నేనంత మొండిదాన్నా? లేక ఆవిడే తన తప్పు నా మీదికి నెడుతున్నారా? మానేయమంటారా? ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటైనా పోవాలనిపిస్తోంది." ఇదీ ప్రశ్న.

సమాధానం

అమ్మా, ముందు ఆ చివరి వాక్యం సంగతి. నాలుగు రోజులు ఎవరికీ వండిపెట్టకుండా, ఎవరి ఫోనూ ఎత్తకుండా ఉండాలన్న కోరికైతే అది మీకు ఎప్పుడో రావాల్సింది. అలా కాకుండా బతకాలనే లేదు అన్న ఆలోచనైతే మాత్రం శనివారం దాకా ఆగొద్దు, ఇవాళే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, మానసిక సాయం కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీలో ఏ ఆలోచన ఉందో మీకే తేలకపోతే కూడా చెయ్యండి.

ఇక మీరు మొండివారా అంటే, కాదు. బాగుపడాలని మనస్ఫూర్తిగా కోరుకునే మనిషి, ఆ బాగుపడటానికి తనకే తెలియకుండా అడ్డుపడటం అన్నది మీ ఒక్కరికే వచ్చిన తెగులు కాదు. సైకోఎనాలిసిస్ అనే శాస్త్రమే సగం ఇక్కణ్ణుంచి పుట్టింది. 1892లో, ఈ పద్ధతికి ఆద్యుడైన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ దగ్గరికి కాళ్ల నొప్పులతో ఒక యువతి వచ్చింది. 1895లో తోటి డాక్టరు బ్రాయర్‌తో కలిసి వేసిన పుస్తకంలో ఆవిడకి ఎలిజబెత్ అని మారుపేరు పెట్టాడు. ముగ్గురు ఆడపిల్లల్లో చిన్నది. తండ్రికి గుండె జబ్బు చేస్తే ఏడాదిన్నర పాటు మంచం పక్కనే ఉండి చూసుకుంది. రోజూ పొద్దున్నే తండ్రి వాచిన కాలిని తన కుడి తొడ మీద పెట్టుకుని కట్టు మార్చేది, తర్వాతెప్పుడో నొప్పి మొదలైంది సరిగ్గా ఆ చోటునుంచే. ఒకే ఒక్క సాయంత్రం ఇంట్లోవాళ్లు బలవంతపెడితే విందుకి వెళ్లింది, సంతోషంగా తిరిగొచ్చేసరికి తండ్రికి ఎక్కువైపోయింది. ఆ సంతోషాన్ని ఆవిడ తనకి తాను క్షమించుకోలేకపోయింది. ఇంటికోసం తనని తాను ఇచ్చేసుకున్న ఆడపిల్లని మీరు గుర్తుపట్టే ఉంటారు.

ఆవిడతో ఫ్రాయిడ్‌కి వచ్చిన చిక్కు ఏమిటంటే, ఏం గుర్తొస్తోంది అని అడిగితే "ఏమీ రావట్లేదు" అనేది. మొహం చూస్తే మాత్రం లోపల ఏదో కదులుతున్నట్టు తెలుస్తూనే ఉండేది. గుచ్చి గుచ్చి అడిగితే ఎప్పటికో చెప్పి, ఇది మొదట అడిగినప్పుడే తట్టింది గానీ మీకు కావాల్సింది ఇది కాదేమో అనుకున్నాను అనేది. అసలు విషయం దగ్గరకొచ్చేకొద్దీ కాళ్ల నొప్పి పెరిగేది, చెప్పేశాక తగ్గేది. అప్పుడు అతనికి అర్థమైంది, ఆ జ్ఞాపకాన్ని ఇప్పుడు బయటికి రానివ్వకుండా ఆపుతున్న శక్తీ, అప్పట్లో భరించలేక దాన్ని తోసేసిన శక్తీ ఒకటేనని. అంటే ఆవిడ డాక్టరుతో పేచీ పెట్టుకోవడం లేదు, ఒకప్పుడు తనని కాపాడిన పనినే ఇంకా చేస్తూ ఉంది.

హుద్‌హుద్ తర్వాత మన వైపు చాలా ఇళ్లలో ఏం జరిగిందో మీకు తెలుసు. 2014 అక్టోబరులో రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడినవాళ్లు, ఆ తర్వాత మామూలు గాలి కాస్త హోరుమన్నా లేచి బిందెలు నింపుకున్నారు, ఫోన్లు చార్జింగులో పెట్టుకున్నారు. వాళ్లని పిచ్చివాళ్లని ఎవరూ అనలేదు. తుఫాను వచ్చినప్పుడు ఆ పనే ఇంటిని నిలబెట్టింది కాబట్టి చేతులు వాటంతట అవే లేస్తాయి. పంతొమ్మిదో ఇరవయ్యో ఏట, తండ్రి పోయి, తమ్ముడూ చెల్లీ అన్నం ముందు కూర్చుని మీ మొహంలోకి చూస్తున్నప్పుడు, "నాకేం కావాలి" అన్న ప్రశ్నని మీరు పక్కకి తోసెయ్యకపోతే ఆ ఇల్లు ఏమయ్యేది? ఆ ప్రశ్న మళ్లీ తలెత్తిందంటే మీ లోపల పాత సైరన్ మోగుతుంది. మోగకపోతేనే ఆశ్చర్యం.

ఇప్పుడు జ్వరం సంగతి. జ్వరం జ్వరమే అయ్యుండొచ్చు. స్కూల్లో వందమంది పిల్లల మధ్య తిరిగే టీచరుకి జ్వరం రావడానికి మనోవిశ్లేషణ అక్కర్లేదు. నేను చూసేది జ్వరాన్ని కాదు, జ్వరం తగ్గాక టికెట్ మళ్లీ తియ్యకపోవడాన్ని. అడ్డంకి ఎక్కణ్ణుంచైనా రావచ్చు, అది ఎంతకాలం నిలిచింది, మనం దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాం అన్నదాంట్లో మనం కనిపిస్తాం. మీరూ తమ్ముడూ మాట్లాడుకోవడమే ఆగిపోయిందంటే, ఆ జ్వరం చెయ్యని పని ఇంకేదో చేసింది.

అదేమిటి? 1923లో ఫ్రాయిడ్ ఒక వింత సంగతి రాశాడు. కొందరికి "మీరు బాగుపడుతున్నారు" అని చెబితే చాలు, వెంటనే జబ్బు పెరుగుతుంది. మెచ్చుకుంటే కుంగిపోతారు. వాళ్లకి తెలియని అపరాధభావం ఒకటి లోపల ఉండి, సుఖపడే హక్కు నీకు లేదు అంటుందని, బాధ పడుతున్నంతసేపూ అది ఊరుకుంటుందని అతను అనుకున్నాడు. అడ్డంకులన్నింటిలో దీన్ని కదపడం చాలా కష్టమని కూడా ఒప్పుకున్నాడు. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. నిద్ర పట్టిన నెలల గురించి మీరు రెండు వాక్యాలే రాశారు. ఆ రెండో వాక్యం వెంటనే "అమ్మకి అప్పుడే మోకాళ్లు ఎక్కువయ్యాయి, నేను పట్టించుకోలేదు" అని ఉంది. మీరు హాయిగా నిద్రపోవడానికీ అమ్మ మోకాళ్లకీ లెక్కల టీచరుగా మీరు ఏ సంబంధమూ చూపించలేరు. కానీ మీ లోపల ఎవరో చూపించేశారు.

అదొక్కటే కాదు. ఇది చెబితే మీకు కష్టంగా ఉంటుంది గానీ చెప్పకుండా ఉండలేను. అప్ప అన్న ఆ స్థానం మీకు బరువే కాదు, ఆస్తి కూడా. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో మీ మాట లేకుండా ఏదీ జరగలేదు. పెళ్లి కాని ఆడదాన్ని మన ఊళ్లలో ఎలా చూస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ చూపులన్నిటికీ మీ దగ్గరున్న జవాబు ఒకటే, ఈ ఇంటిని నిలబెట్టింది నేను. అమ్మ మూడు నెలలు తమ్ముడింట్లో సుఖంగా ఉండి వస్తే ఆ జవాబు ఏమవుతుంది? కోడలి చేతి అన్నం బాగుందంటే? జబ్బు వల్లో కష్టం వల్లో మనకి దొరికే విలువ కూడా మార్పుకి అడ్డం వస్తుందని 1926లో ఫ్రాయిడ్ రాశాడు. అక్కడ అతను ఐదు రకాల ప్రతిఘటనలు చెప్పాడు, వాటిలో ఇదొకటి. దీన్ని స్వార్థం అనుకోకండి. మీరు సంపాదించుకున్నది అది, దాన్ని పోగొట్టుకోవాలంటే ఎవరికైనా దుఃఖంగానే ఉంటుంది. థెరపీలో బాగుపడటం అంటే ఏదో కొత్తది దొరకడమే అనుకుంటాం, పాతదొకటి పోతుందని, దానికోసం ఏడవాల్సి ఉంటుందని ఎవరూ ముందుగా చెప్పరు.

జీడిపప్పు దగ్గరికి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఆపింది అదే. మన వైపు ఎవరింటికైనా ఖాళీ చేతుల్తో వెళ్లం. అది మర్యాద. కౌన్సెలర్లు బహుమతులు తీసుకోకపోవడం వాళ్ల పద్ధతిలో భాగం, అందులో తప్పు లేదు. ఎందుకు తెచ్చారని అడగడం కూడా వాళ్ల పనే. కానీ ఆ పొట్లాం వెనక ఏముందో మీరు ఎప్పుడైనా చూశారా? మీరు ఇచ్చే మనిషి. తీసుకోవడం మీకు చేతకాదు. ఐదారు నెలలుగా ఒకావిడ మీ మాట వింటూ ఉంటే, ఫీజు ఇచ్చినా సరే, అది అప్పులా మీద పడి ఉంటుంది. తీర్చేసుకుందామని వెళ్లారేమో. ఆవిడ వయసు ఇంచుమించు అమ్మ వయసని కూడా రాశారు. అమ్మకి పెట్టాలి, అమ్మ మెచ్చుకోవాలి. ఆవిడ అందుకోకపోయేసరికి, ఎంత చేసినా "నానేటి తప్పు చేసినాను" అనే అమ్మే మళ్లీ ఎదురుగా కూర్చున్నట్టు అనిపించి ఉంటుంది. పాత సంబంధాలు గుర్తుకు రావడానికి బదులు, ఇలా ఎదురుగా ఉన్న మనిషి మీద మళ్లీ జరుగుతాయని ఫ్రాయిడ్ 1914లో రాశాడు. ఆ రోజు మీరు పోగొట్టుకున్నది పరువు కాదు, ఆ కోపాన్ని అక్కడే చెప్పే అవకాశం. కోపం చెప్పలేక, తర్వాతి శనివారం బస్సు వదిలేశారు. ఇది నా ఊహ మాత్రమే, సరిపోకపోతే పక్కన పెట్టెయ్యండి. ఈ ఊహ నిజమా కాదా అని మీరు తేల్చుకోవాల్సింది నాతో కాదు, ఆవిడతో.

ఇంతవరకూ మీ వైపు చూశాను. కానీ తప్పంతా మీదేనని చెప్పడానికి ఇది రాయడం లేదు.

ఫీజు పెరగడం, టైము మారడం, రాత్రి పదింటికి ఒంటరిగా కాంప్లెక్స్‌లో దిగి ఇంటికి వెళ్లడం, ఇవి మీ మనసులో పుట్టినవి కావు. వీటిని కూడా రెసిస్టెన్స్ అనడం నాకు అస్సలు నచ్చలేదు. పని ముందుకు సాగకుండా ఆపేది ఏదైనా ప్రతిఘటనే అని 1900లో ఫ్రాయిడ్ రాసిన మాట నిజమే. ఆ మాట పట్టుకుని చాలామంది పేషెంట్ల మీద కర్రలా వాడారు. కానీ 1925లో అతనే ఆ వాక్యం కింద ఒక నోట్ చేర్చాడు. ఇది డాక్టర్లకి ఒక హెచ్చరిక మాత్రమే, పేషెంటు చేతిలో లేని సంఘటనలు ఎన్నో జరుగుతాయి, తండ్రిని పేషెంటు చంపకుండానే తండ్రి చనిపోవచ్చు, యుద్ధం రావచ్చు అన్నాడు. తండ్రి చావుకీ యుద్ధానికీ మినహాయింపు ఉన్నప్పుడు ఆర్టీసీ బస్సుకి ఉండదా?

పేషెంటు అవునంటే డాక్టరు చెప్పింది రైటు, కాదంటే రెసిస్టెన్స్, ఇక డాక్టరు ఓడేదెప్పుడు? ఈ ప్రశ్న మీది మాత్రమే కాదు, ఫ్రాయిడ్ బతికుండగానే అతన్ని అడిగారు. 1937లో జవాబు చెప్పాడు కూడా. కాదు అన్నదాన్ని ఎలా పైపైన తీసుకోమో, అవును అన్నదాన్ని కూడా అలా తీసుకోం, డాక్టరు చెప్పేది ఒక ఊహ మాత్రమే, తర్వాత పేషెంటు నోట వచ్చే కొత్త జ్ఞాపకాలే అది నిజమో కాదో తేలుస్తాయి అని. మాటలో న్యాయం ఉంది. ఆచరణలో అందరూ అలా ఉండలేదు. హంగరీకి చెందిన ఫెరెంజి, ఫ్రాయిడ్‌కి బాగా దగ్గరివాడు, పేషెంట్లు మన మీద ఉన్న విమర్శని లోపలే మింగేస్తారు, మనం మన తప్పు ఒప్పుకుంటేనే వాళ్లకి నమ్మకం కుదురుతుంది అని 1932లో వీస్‌బాడెన్ మహాసభలో చెప్పాడు. ఆ వ్యాసాన్ని సభలో చదవొద్దని, అచ్చు వెయ్యొద్దని ఫ్రాయిడే అడిగాడు. ఆ వ్యాసం ఇంగ్లీషులో రావడానికి 1949 దాకా పట్టింది. మనుషులు మారడానికి ఎందుకు భయపడతారో చెప్పే శాస్త్రమే తాను మారడానికి అంతకాలం భయపడింది. తర్వాత మారింది కూడా. ప్రతిఘటన ఏదైనా ఉంటే అది విశ్లేషకుడిదే అని ఫ్రెంచి విశ్లేషకుడు లకాన్ 1950ల్లో అన్నాడు. అమెరికాలో పనిచేసిన విశ్లేషకుడు కోహుట్ అయితే, పేషెంటు వెనక్కి తగ్గడం అంటే చిన్నప్పుడు తగిలిన దెబ్బ మళ్లీ తగలకుండా తనని తాను కాపాడుకోవడమే, దాన్ని పగలగొట్టడం కాదు, గౌరవించడం నేర్చుకోవాలి అన్నాడు. నేను ఆ పక్షాన ఉన్నాను.

ఇంకొక్క సందేహం మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరం నిండా ఉంది. అమ్మని వదిలి ఉండటమే ఆరోగ్యం అని ఎవరు చెప్పారు? వియన్నాలో పుట్టిన లెక్క విజయనగరానికి సరిపోతుందా? సరైన సందేహం. 1922లో కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ కూడా, నా దగ్గరికొచ్చే భారతీయ పేషెంట్లలో నాకు కనిపించేది మీరు చెప్పినట్టు లేదు అని ఫ్రాయిడ్‌కే రాశాడు. మన దగ్గర మనిషి ఒంటరిగా ఉండడు, ఇంటితో కలిపే ఉంటాడు అని మన దేశపు మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ జీవితమంతా రాశాడు. కాబట్టి అమ్మని పంపించడం థెరపీలో పాస్ మార్కు కాదు. మీరు అమ్మని మీ దగ్గరే ఉంచుకుని కూడా మారొచ్చు. కానీ ఉంచుకోవాలని మీరు ఎంచుకోవడం వేరు, పంపుదామనుకోగానే ఒంట్లో వణుకు పుట్టి ఉంచుకోవడం వేరు. ఆ తేడా మీకు తెలుస్తుంది.

మరి ఏం చెయ్యాలి? నాకు నాలుగైదు దారులు కనిపిస్తున్నాయి, ప్రతిదానికీ దాని ఖర్చు ఉంది.

ఒకటి, ఈ ఉత్తరంలో నాకు రాసినవన్నీ అక్కడే చెప్పడం. పొట్లాంతో సహా. "ఆ రోజు నాకు తల తీసేసినట్టయింది, అప్పట్నుంచి మీ మీద కోపంగా ఉంది, టైము విషయంలో మీరు నా మాట వినలేదు." గొంతు రాకపోతే కాగితం మీద రాసుకెళ్లి చదవండి. దీనివల్ల రెండు మూడు వారాలు మీకు ఇంకా బరువుగా ఉండొచ్చు, మళ్లీ బస్సు తప్పించుకోవాలని గట్టిగా అనిపిస్తుంది, అది ముందే తెలిసి ఉండటం మంచిది. ఆవిడ జవాబు ఎలా ఉంటుందో గమనించండి. "టైము మార్చడం నా వల్ల జరిగింది, మీకు కష్టమే, ఏం చేద్దాం?" అన్న తర్వాత, ఆ కష్టంతో పాటు ఇంకేమైనా ఉందా చూద్దాం అంటే ఆవిడ దగ్గర ఉండొచ్చు. వారం విడిచి వారం వీడియో కాల్‌లో చేద్దామా అని మీరే అడగొచ్చు. అమ్మ పక్క గదిలో ఉండగా ఇంట్లో స్వేచ్ఛగా మాట్లాడలేరు అన్న చిక్కు మాత్రం ఉంది. మీరు ఎంత చెప్పినా మూడోసారి కూడా "ఇదీ రెసిస్టెన్సే" అన్న ఒక్క మాటే వస్తే, అక్కడ మీకు పని అయిపోయినట్టే.

రెండు, కొన్నాళ్లు ఆపడం. ఇది తప్పేం కాదు. కాకపోతే ఫోన్ ఎత్తకుండా, సాకులు చెబుతూ జారిపోవద్దు. వెళ్లి చెప్పి, మళ్లీ ఎప్పుడు కలవాలో తేదీ పెట్టుకుని ఆపండి. ఆపిన వెంటనే చాలా తేలికగా అనిపిస్తుంది, ఆ తేలికని చూసి జబ్బు తగ్గిందని అనుకోకండి. ఓ నెల పోయాక నిద్ర ఎలా ఉంది, క్లాసులో గొంతు ఎలా ఉంది, అది చూడండి.

మూడు, మనిషిని మార్చడం, లేదా పద్ధతినే మార్చడం. మన దేశంలో కౌన్సెలర్ అని బోర్డు ఎవరు పడితే వాళ్లు పెట్టేసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగి చూడొచ్చు. సైకోఎనాలిసిస్ చేసేవాళ్లయితే, మీరు కూడా ఎనాలిసిస్ చేయించుకున్నారా, మీ కేసుల గురించి పెద్దవాళ్లెవరితోనైనా చర్చిస్తారా అని అడగడం మీ హక్కు, ఆ అడగడం అమర్యాద కాదు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటివి నిద్రకీ కోపానికీ నేరుగా పనికొస్తాయి, తక్కువ సెషన్లలో అయిపోతాయి. అలాగే 1983లో అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ మొదలుపెట్టిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి ఒకటుంది. అందులో పేషెంటుతో వాదన పెట్టుకోరు, ఎందుకంటే మారు మారు అని ఎంత తోస్తే మనిషి మారకపోవడానికి అంత గట్టిగా కారణాలు వెతుక్కుంటాడని వాళ్లు చూశారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఎవరి దగ్గరికెళ్లినా "నాకేం కావాలి" అన్న చోటుకి వచ్చేసరికి సైరన్ మళ్లీ మోగొచ్చు. అప్పుడు ఆ మనిషి కూడా చెడ్డవాళ్లే అనిపించొచ్చు.

నాలుగోది పైవాటిలో దేనికీ అడ్డం రాదు, ఈ వారమే చెయ్యండి. డాక్టరుకి చూపించుకోండి. బీపీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, కళ్లు. రెండేళ్ల తలపోటుని మొత్తం మనసు మీదికి తోసెయ్యడం కూడా తప్పే. నిద్ర లేకపోవడంతో పాటు ఏ పనిమీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే సైకియాట్రిస్టుని కలవండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపీలో చూస్తారు. మందులు వేసుకుంటూ కూడా థెరపీ చేసుకోవచ్చు.

అమ్మ విషయాన్ని థెరపీ పూర్తయ్యేదాకా వాయిదా వెయ్యక్కర్లేదు. మూడు నెలలు అన్నది మొదటి అడుగుకి చాలా పెద్దదేమో అనిపిస్తోంది. శ్రీకాకుళంలో చెల్లి ఇంటికి ఓ వారం రోజులు పంపండి, బస్సులో రెండు గంటల దారి, ఏదైనా అయితే మీరు వెళ్లగలిగే దూరం. పంపేటప్పుడు అమ్మకి కారణాలు వెతికి చెప్పకండి. నాకు ఒంట్లో బాగోలేదు, వారం రోజులు రెస్టు కావాలి అని ఉన్నమాట చెప్పండి. అమ్మ ఏడవొచ్చు. అమ్మ ఏడ్చినంత మాత్రాన మీరు తప్పు చేసినట్టు కాదు గానీ, ఆ ఏడుపు విని నిలబడటం మీకు ఇప్పుడు సాధ్యమో కాదో మీరే చూసుకోవాలి. కాకపోతే ఈ వారం వద్దు, ఇంకో నెల పోయాక. అసలు అమ్మ ఎక్కడికీ వెళ్లకుండా, చెల్లే వచ్చి నాలుగు రోజులు ఉంటే మీరు ఎటైనా వెళ్లడం కూడా ఒక దారి. ఎటైనా పోవాలనిపిస్తోంది అని రాశారు కదా, టికెట్ తీసుకుని, తిరుగు టికెట్ కూడా తీసుకుని వెళ్లండి.

తమ్ముడికి మాత్రం ఫోన్ చెయ్యండి. అమ్మని పంపడం గురించి కాదు, ఆ సంగతి ఇప్పుడు ఎత్తొద్దు. ఆ రోజు మీ ఆవిడ గురించి అన్న మాట నిజం కాదని, నాకు భయమేసి అన్నానని చెప్పండి. అతను "పర్లేదులే అప్పా" అనేస్తాడు, మీ ఇంట్లో మాటలు అలాగే ముగుస్తాయని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. అప్పుడు ఫోన్ పెట్టెయ్యకుండా, వాళ్లావిడకి ఇమ్మని అడగండి.